ఆధార్ ఉంది కదా, ఇంకేం కావాలి?

(కావలిలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు రవంత కిందికి దించండి నాయనా, నేనేమీ ఆరడుగుల మనిషిని కాదు. (నవ్వులు) ఆ, చాలు.

ఈ నెల ఆరోగ్యం గురించి డాక్టరు గారు రావాల్సింది. ఆయనకు వీలు కాలేదని నన్ను నిలబెట్టారు. నేను బీపీ గురించి చెప్పలేను గానీ, మనలో పదిపన్నెండు మంది మాఘమాసంలో నేపాల్ పోవాలని అనుకుంటున్నారట. పశుపతినాథుడు, ముక్తినాథ్, వీలైతే జనక్‌పూర్. మొన్న టీ దగ్గర ఒకాయన నాతో అన్నాడు, "నేపాల్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు కదన్నా, ఆధార్ ఉంది, ఇంకేం కావాలి?" అని. ఆ ఒక్క మాట మీదే ఇవాళ మాట్లాడతా. ఎందుకంటే అదే మాట నమ్ముకుని పోయిన ఇద్దరు అన్నదమ్ములతో నేనొక రాత్రంతా ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కూర్చున్నా.

2023 ఫిబ్రవరిలో. మేం పద్నాలుగు మందిమి. ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణించి కాట్మండుకు విమానం. ఆ అన్నదమ్ముల్లో పెద్దాయనకు 68, చిన్నాయనకు 61. ఇద్దరూ ఒకే కవర్లో ఒకేలాంటి ఆధార్ కార్డులు పెట్టుకుని వచ్చారు. కౌంటర్లో అమ్మాయి పెద్దాయన కార్డు చూసింది, బోర్డింగ్ పాస్ ఇచ్చేసింది. చిన్నాయన కార్డు చూసి, "సర్, ఇది చెల్లదు, పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉందా?" అనింది. ఆయనకు అర్థం కాలా. "ఏంది తల్లీ, మా అన్నకు చెల్లిన కార్డు నాకెందుకు చెల్లదు? ఇద్దరం ఒకే అమ్మ కడుపున పుట్టాం, ఒకే మీసేవలో తీయించుకున్నాం!" (నవ్వులు) మీరిప్పుడు నవ్వుతున్నారు గానీ అప్పుడు మాకెవరికీ నవ్వు రాలా. ఓటరు కార్డు యాడుంది అని అడిగితే, "ఇంట్లో బీరువాలో ఉండాది" అన్నాడు.

ఆ అమ్మాయి తప్పు లేదు. నిబంధన అదే. ఇండియా నుంచి నేపాల్‌కి పోయే భారతీయుడికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ తప్పనిసరి కాదు. ఆ మాట నిజమే. కానీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ ఏదో ఒకటి అంటే చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, లేదంటే ఎన్నికల సంఘం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు. 65 దాటినవాళ్లకీ, 15 నిండని పిల్లలకీ మాత్రం సడలింపు ఉంది. వాళ్లు వయసూ, మనిషీ తెలిసేట్టు ఫొటో ఉన్న వేరే కార్డు చూపించినా సరిపోతుంది. మొదట్లో ఆ జాబితాలో పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య కార్డు లాంటివి ఉండేవి. ఆధార్ ఉండేది కాదు. 2019 జనవరిలో కేంద్ర హోంశాఖ ఆధార్‌నీ చేర్చింది. అదీ ఆ రెండు వయసుల వాళ్లకే. మధ్యలో ఉన్నవాళ్లకి కాదు. కాబట్టి 68 ఏళ్ల అన్నకు చెల్లింది, 61 ఏళ్ల తమ్ముడికి చెల్లలా.

ఇప్పుడు మీరడుగుతారు, ఆధార్‌లో వేలిముద్ర ఉంది, కంటిపాప ఉంది, బ్యాంకుకి చాలు, గ్యాసుకి చాలు, మన పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి చాలు. సరిహద్దు దగ్గర ఎందుకు చాలదు? నేను రెవెన్యూలో ముప్పై నాలుగేళ్లు చేశాక కూడా దీన్ని నాకు నేను సరిగా అర్థం చేసుకున్నది ఆ రాత్రి ఎయిర్‌పోర్టు కుర్చీలోనే.

చూడండి. బ్యాంకువాడు అడిగేది "నువ్వెవరు?" అని. ఈ సంతకం, ఈ వేలు, ఈ మనిషిదేనా అని. దానికి ఆధార్ బ్రహ్మాండంగా సమాధానం చెప్తుంది. సరిహద్దు దగ్గర అడిగేది అది కాదు. "నువ్వు ఏ దేశం మనిషివి?" అని. ఆ ప్రశ్నకి ఆధార్ దగ్గర జవాబు లేదు. ఉండకూడదని చట్టమే చెప్పింది. 2016 ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్ చూడండి, ఆధార్ నంబరు పౌరసత్వానికి గానీ స్థిరనివాసానికి గానీ రుజువు కాదని స్పష్టంగా రాశారు. ఎందుకంటే ఆధార్ ఇచ్చేది పౌరులకు కాదు, ఈ దేశంలో నివసించేవాళ్లకు. గడిచిన పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడున్న విదేశీయుడు కూడా తీసుకోవచ్చు. పాన్ కార్డూ అంతే, విదేశీయుడికీ ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు బండి నడపగలవని చెప్తుందే తప్ప ఏ దేశపువాడివో చెప్పదు.

మరి ఓటరు కార్డు? ఓటు పౌరుడికే. రాజ్యాంగం 326వ అధికరణం. అందుకే ఆ పాత, మసకబారిన, ఫొటోలో మనల్ని మనమే గుర్తుపట్టలేని కార్డుకి సరిహద్దు దగ్గర ఆధార్‌కి లేని విలువ ఉంది.

(ప్రేక్షకుల్లోంచి ఒకరు: మరి అన్నకు ఆధార్ ఎట్టా సరిపోయింది సార్? ఆయన్ని ఏ దేశం అని అడగక్కర్లేదా?)

మంచి ప్రశ్న. లెక్క ప్రకారం అడగాలి. కానీ ముసలివాళ్ల దగ్గర, పిల్లల దగ్గర ప్రభుత్వం కొంచెం ఉదారంగా ఉంది, అంతే. పన్నెండేళ్ల పిల్లకి ఓటరు కార్డు ఎట్టాగూ ఉండదు. 80 ఏళ్ల అవ్వని పట్టుకుని పాస్‌పోర్ట్ తెమ్మంటే బాగుంటుందా? నిబంధనలన్నీ తర్కంతోనే పుట్టవు. కొన్ని దయతో పుడతాయి. నాకైతే దాంట్లో తప్పు కనపడదు.

అసలీ రెండు దేశాల మధ్య ఇంత సులువు ఎట్టా వచ్చిందో కూడా చెప్తా. 1950 జులై 31న కాట్మండులో భారత్, నేపాల్ ఒక శాంతి, స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాంట్లో ఏడో అధికరణం ప్రకారం ఒక దేశం వాళ్లు ఇంకో దేశంలో ఉండొచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, తిరగొచ్చు. కంచె కూడా లేని సరిహద్దు. 1,751 కిలోమీటర్ల పొడవునా పొలాలు, ఊళ్లు. అటువైపు పెళ్లిళ్లు, ఇటువైపు సంతలు. మన దగ్గర తమిళనాడు సరిహద్దు ఆరంబాకం దగ్గర ఎట్టా ఉంటుందో అక్కడ చాలాచోట్ల దాదాపు అట్టాగే ఉంటుంది. మనవైపు సశస్త్ర సీమా బల్ జవాన్లుంటారు, అంతే తేడా.

విమానంలో పోయేవాళ్ల దగ్గర మాత్రం పట్టు బిగిసింది. కారణం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 1999 డిసెంబరు 24న కాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయారు. ఐసీ 814. మన ఇళ్లలో టీవీల ముందు వారం రోజులు కూర్చున్నాం. ఆ తర్వాత రెండు దేశాల మధ్య విమానమెక్కేవాళ్ల గుర్తింపు కాగితాల మీద గట్టిగా చూడడం మొదలైంది.

రోడ్డు మీద పోయేవాళ్లకి అంత బిగువు కనపడదు. గోరఖ్‌పూర్ దిగి సరిహద్దులో సోనౌలీ పోతే, గేటు దాటగానే నేపాల్ ఊళ్లు బేలహియా, భైరహవా. లుంబిని అక్కడికి దగ్గరే. రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ మన లైను మీదుగానే గోరఖ్‌పూర్ పోతుంది కాబట్టి మనవాళ్లు చాలామంది ఆ దారే పడతారు. ఆ గేటు దగ్గర నేను రెండుసార్లు నడిచిపోయా. ఒకసారి అడిగారు, ఒకసారి అడగలా. అడగలేదు కదా అని నిబంధన లేదనుకోవద్దు. అడిగిన రోజు మీదే కావొచ్చు. రక్సౌల్, బీర్‌గంజ్ దారైనా, బీహార్‌లో జయనగర్ నుంచి జనక్‌పూర్ పోయే చిన్న రైలైనా అంతే. ఆ రైలు 2022 ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. సీతమ్మ పుట్టింటికి రైల్లో పోవడమనేది మా ఆవిడకు ఎప్పటి కోరికో. ఆమె ఓటరు కార్డు దగ్గరే మేం ఆగిపోయాం. ఆ కథ చెప్తా.

మా ఆవిడ ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పేరు వెంకటసుబ్బమ్మ అని కలిపి ఉంది. ఓటరు కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పేరు 'సుబ్బమ్మ'. బ్యాంకు పుస్తకంలో 'వి. సుబ్బమ్మ'. ఆ వీ అంటే వెంకట. బ్యాంకువాడు దాన్ని ఇంటిపేరనుకున్నాడు. ముగ్గురు మనుషులు! ఏ సుబ్బమ్మ వంట చేసిందో నాకే తెలియదు. (నవ్వులు) మన తెలుగువాళ్ల పేర్లతో ఉన్న తంటా ఇది. ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని ఒక్క అక్షరం చేస్తాం, దాని పక్కన తాత పేరు ఇంకో అక్షరం. విమాన టికెట్ ఫారంలో మాత్రం 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గళ్లే ఉంటాయి. మన మొదటి పేరు వాళ్ల చివరి పేరు. బుక్ చేసే కుర్రాడు తోచినట్టు కొడతాడు. టికెట్‌లో ఉన్న పేరూ, చూపించే కార్డులో ఉన్న పేరూ ఒకటి కావాలి. కాబట్టి ముందు ఏ కార్డుతో పోతున్నారో తేల్చుకుని, ఆ కార్డు ముందు పెట్టుకుని, దాంట్లో ఎట్టా ఉంటే అట్టా అక్షరం పొల్లుపోకుండా టికెట్ తీయించండి.

ఆ తప్పుల్లో కొన్ని మేమే చేశాం. ఒప్పుకోవాలి కదా. 1993లో శేషన్ గారు ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉన్నప్పుడు ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వాలన్నారు. ఆ తర్వాత ఊరూరా ఫొటోలు తీసే పని మా డిపార్ట్‌మెంటు మీద పడింది. బడిలో ఒక గోడకి బెడ్‌షీటు కట్టి, కుర్చీ వేసి, ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టేవాళ్లం. కూలి పోతుందని ఆడవాళ్లు నాట్లేసుకుంటూ మధ్యలో పరిగెత్తుకొచ్చేవాళ్లు, బురద కాళ్లతోనే. పేరు అడిగితే మొగుడు చెప్పేవాడు, లేదా పక్కింటావిడ చెప్పేది. దాన్ని ఒకడు తెలుగులో రాస్తే ఇంకొకడు ఇంగ్లీషులో కొట్టేవాడు. 'ఓబులమ్మ' ఎన్ని రకాలుగా అయిందో నేను చూశా. 'మస్తానయ్య' ఒకచోట 'మస్తానమ్మ' అయి, లింగం కూడా మారింది. ఆయన ప్రతి ఎలక్షన్‌కీ పోలింగ్ బూత్‌లో తగాదా. (నవ్వులు)

ఆ రోజుల కార్డులు ఇంకా బీరువాల్లో దాచుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. నంబరు 'ఏపీ' అని మొదలై అడ్డగీతలతో ఉంటే అది పాత కార్డు. ఇప్పటి నంబర్లు మూడు అక్షరాలు, ఏడు అంకెలు. ఓటు వేసే రోజు పాతది చూపిస్తే ఊళ్లో మనల్ని ఎరిగినవాళ్లు ఊరుకుంటారు. కాట్మండు విమానం కౌంటర్లో ఎవరూ మనల్ని ఎరగరు. ముప్పై ఏళ్ల కిందటి నల్లజుట్టు ఫొటో, ఎదురుగా బట్టతల. మార్పించుకోండి. ఫారం 8 అని ఒకటుంది. చిరునామా మార్చడానికి, తప్పు దిద్దడానికి, పోయిన కార్డు బదులు కొత్తది తీసుకోవడానికి అన్నిటికీ అదే ఫారం. మీ బీఎల్‌ఓని, అంటే మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిని పట్టుకున్నా సరే, ఫోన్లో ఎన్నికల సంఘం యాప్‌లో మనవడితో చేయించినా సరే. రెండు నెలల ముందు మొదలుపెట్టండి. రేపు రైలు ఎక్కుతూ ఇవాళ అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకునే ఓటరు కార్డు కూడా ఉంది, 2021 నుంచి. ఉంచుకోండి. కానీ దాన్నే నమ్ముకుని పోవద్దు, అసలు కార్డు జేబులో ఉండాలి.

(ఒకరు: మాది కందుకూరు. కార్డులో నెల్లూరు జిల్లా అని ఉంది. ఇబ్బందా?)

కాదన్నా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరుని నెల్లూరులో కలిపారు, తర్వాత మళ్లీ ప్రకాశంలోకే తెచ్చారు. మీరు ఇల్లు మారలేదు, జిల్లానే మీ ఇంటి మీదుగా నడిచిపోయింది. అది మనవాళ్ల గొడవ, నేపాల్ వాళ్లకి ప్రకాశమూ నెల్లూరూ ఒకటే. పేరు, ఫొటో, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయా లేదా, అది చూసుకోండి.

(బిట్రగుంట నుంచి వచ్చిన ఒకరు: మాకు రైల్వే మెడికల్ కార్డు ఉంది, ఫొటోతో సహా.)

మీకెన్నేళ్లు? 63 కదా. అయితే అది చాలదు. ఓటరు కార్డు తెచ్చుకోండి. 65 దాటినవాళ్లయినా రకరకాల కార్డులతో కౌంటర్లో వాదన పెట్టుకోవడం ఎందుకు, ఆధార్ తీసుకుపోండి, దాన్ని పేరుపెట్టి మరీ ఒప్పుకున్నారు కాబట్టి.

మనవళ్లనీ మనవరాళ్లనీ తీసుకుపోయేవాళ్లకి ఒక మాట. 15 దాటి 18 నిండని పిల్లలది త్రిశంకు స్వర్గం. ఆధార్ సడలింపు వాళ్లకి లేదు, ఓటు ఇంకా రాలేదు. వాళ్లకి పాస్‌పోర్ట్ లేకపోతే, బడి ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రంతో పంపుతారు. ఇంటర్ పిల్లలకి సెలవుల్లో కాలేజీ తాళం వేసి ఉంటుంది, కాబట్టి ముందే తీసుకోండి. ఇంకో సడలింపు ఉంది. భార్యాభర్తలు, మైనరు పిల్లలు, తల్లిదండ్రులు కలిసి పోతుంటే ఒక పెద్దవాళ్ల దగ్గర సరైన కార్డు ఉండి, మిగతావాళ్లు ఫొటో కార్డు, బంధుత్వం తెలిపే కాగితం చూపిస్తే సరిపోతుందని. ఆ రాత్రి నేను ఈ నిబంధన పట్టుకునే కౌంటర్ దగ్గర బతిమాలా. ఆ అమ్మాయి ఓపికగా చదివి, "దీంట్లో తమ్ముడు లేడు సర్" అంది. నిజమే. లేడు. మన లెక్కలో తమ్ముడు కొడుకుతో సమానం. కాగితం లెక్కలో లేడు. మీరు మాత్రం ఈ సడలింపు మీద భరోసా పెట్టుకోవద్దు, ఎవరి కార్డు వాళ్లు పట్టుకోండి.

ఇంక భూటాన్. కొందరు డార్జిలింగ్ పోయి అటునుంచి అటు పోదామంటున్నారు. మనవైపు జైగావ్ దాటితే భూటాన్ ఊరు ఫుంట్‌షోలింగ్. అక్కడ ఊరికే నడిచిపోవడం కాదు, లోపలికి పోవాలంటే పర్మిట్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్ అయితే ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, లేదా ఓటరు కార్డు. పిల్లలకి జనన ధ్రువపత్రం కావాలి. ఆధార్‌తో భూటాన్ పోయే ఆలోచన వయసు ఎంతైనా పెట్టుకోవద్దు. పైగా మనవాళ్లకి మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ఫీజు. నలుగురు నాలుగు రాత్రులుంటే లెక్క వేసుకోండి.

కైలాస మానససరోవరం అడిగారు ఇందాక. అది నేపాల్ మీదుగా పోయినా చైనా భూమి. పాస్‌పోర్ట్ లేకుండా కుదరదు, వీసా కూడా కావాలి. శ్రీలంకకీ పాస్‌పోర్టే. రామాయణం చూపిస్తామని ఏజెంట్లు తిరుగుతున్నారు కదా, రామేశ్వరానికి దగ్గరే కదా అని మోసపోవద్దు, హనుమంతుడికి తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. (నవ్వులు)

డబ్బు సంగతి కాస్త. నేపాల్‌లో మన వంద రూపాయలకి వాళ్ల 160. ఏళ్ల తరబడి అదే రేటు. 2018 డిసెంబరులో వాళ్లు మన వంద కంటే పెద్ద నోట్లు వద్దన్నారు, దాని మీద తర్వాత మార్పుల మాట వచ్చింది. నేను మాత్రం వందల కట్టే పట్టుకుపోతా. ఎవడూ కాదనడు. గడియారం కూడా పావుగంట ముందుకు తిప్పుకోండి. మా బస్సు పావుగంట ముందే పోయిందని డ్రైవర్‌ని తిట్టినవాడు మా గుంపులోనే ఉన్నాడు.

అక్కడ కార్డు పోతే? ముందు పోలీసులకి చెప్పి, కాట్మండులో మన రాయబార కార్యాలయానికి పోవాలి. తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, ఒక్క ప్రయాణానికే. కార్డుల జిరాక్సు ఒక సెట్టు వేరే సంచిలో, ఒకటి ఇంట్లో పిల్లల దగ్గర పెట్టండి, వెళ్లినచోట పని తేలికవుతుంది.

అన్నదమ్ములు ఏమయ్యారో చెప్పలేదు కదా. పెద్దాయన చేతిలో బోర్డింగ్ పాస్ ఉంది. మేమందరం చెప్పాం, "మీరు రండి, తమ్ముణ్ణి రైలెక్కిస్తాం" అని. ఆయన ఆ పాస్‌ని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాడు. "వాడు లేకుండా నాకు పశుపతి ఎందుకు సామీ" అన్నాడు. ఇద్దరూ మర్నాడు తిరుగు రైలెక్కి కావలి వచ్చేశారు. రెండు టికెట్ల డబ్బూ పోయింది. మరుసటేడు పోయొచ్చారు, చిన్నాయన ఓటరు కార్డు మెడలో ట్యాగ్‌కి వేలాడదీసుకుని. కాట్మండులో దిగిన ఫొటోలన్నిట్లోనూ ఆ కార్డు కనపడుతుంది.

కార్డులు తెచ్చినవాళ్లు టేబుల్ దగ్గరికి రండి. టికెట్లు తీసేసినవాళ్లు టికెట్ కూడా తెండి, పేర్లు కలిపి చూస్తా. కళ్లజోడు తెచ్చుకున్నా. ముందు 65 లోపు వాళ్లు.